పొలములకు పోవు బాటలు: ఇరుగుపొరుగు రైతుల తగవులు, వాని నివారణము

(కృషీవలుల సభలయందు చదువుటకై సిద్ధపఱుపబడిన ఉపన్యాసము)



మేలురకపు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, చీడపురుగుల నివారణమును గూర్చియు కరపత్రములు పెక్కు కలవు. అయితే విత్తనము మేలైనదై, ఎరువు చాలినంత వేయబడి, వాన సకాలమున కురిసి, పంట చక్కగా పండినను, ఆ పంట చేనినుండి ఇంటికి చేరుటకు త్రోవ లేనియెడల రైతు పడిన శ్రమ యంతయు వ్యర్థమగును. పొరుగువాడు బాట మూయగా పత్తి మూటలు నెత్తిన మోయించినవారును, ఎరువు బండి చేనికి చేరక అదను తప్పిపోయినవారును ప్రతి తాలూకాలోను కలరు. ఇట్టి తగవు మొదట గట్టుమీద మాటగా పుట్టును. పిదప కఱ్ఱలెత్తు వఱకును, తుదకు కోర్టు వఱకును పెరుగును. ఒకరి యింటి పెండ్లికి ఒకరు పోకుండుట, ఒకరి యింటి చావునకు ఒకరు రాకుండుట కూడ దీనివలననే కలుగుచుండును. కావున బాటను గూర్చి రైతు తెలిసికొనవలసిన విషయము లీ యుపన్యాసమున క్రమముగా చెప్పబడును.

తగవు పుట్టు సమయములు

బాట తగవులు సామాన్యముగా మూడు సమయములందు పుట్టును. అన్నదమ్ములు భూమి పంచుకొనునపుడు మొదటిది. చేను పరాయివారి కమ్ముడైనపుడు రెండవది. బండి పోయి ట్రాక్టరును, కోతయంత్రమును వచ్చినపుడు మూడవది.

దీనికొక ఉదాహరణము చెప్పవచ్చును. ఒక తండ్రికి 12 ఎకరముల చెలక యుండెననుకొందము. ఉత్తరమున ప్రభుత్వ బాట గలదు. తండ్రి తరువాత కొడుకు లిద్దఱును చెఱి 6 ఎకరములు పంచుకొనిరి. బాట ప్రక్కనున్న ముందు చేను అన్నకును, దాని వెనుకనున్న చేను తమ్మునికిని వచ్చెను. తమ్ముని బండి అన్న చేని తూర్పు గట్టు వెంబడి నడచుచుండెను. అన్నదమ్ములు గనుక కాగితముమీద ఆ బాటను గూర్చి ఒక్క మాటయైనను వ్రాసికొనలేదు. కొంతకాలమునకు అన్న గతించెను. అతని కొడుకులు ముందు చేనిని పరాయివానికి అమ్మిరి. కొన్నవాడు చుట్టును కడీలు పాతి తీగె కట్టెను. వెనుక చేని రైతునకు బండి పోవుటకు సందు లేకపోయెను.

కొన్నవాడు "వెలయిచ్చి కొన్న భూమి యిది. దస్తావేజులో బాట యను మాట లేదు" అనును. వెనుక చేని రైతు "తండ్రి కాలమునుండి బండి నడచిన త్రోవ యిది. దీనిని మూయుట కెవరికి హక్కు?" అనును. ఈ యిద్దఱిలో అబద్ధమాడువాడు లేడు. దస్తావేజులో బాట లేదనుటయు నిజమే, బండి నడచుచుండెననుటయు నిజమే. నేలమీద నున్నది కాగితముమీద లేకుండుటయే ఈ తగవునకు మూలము. బాట తగవులలో పెక్కింటికి మూలమిదియే.

పూర్వము ఏ చేనికి ఏ గట్టు వెంబడి త్రోవయో పట్వారికిని, కరణమునకును, ఊరి పెద్దలకును నోటిలెక్కగా తెలిసియుండెడిది. ఆంధ్రప్రదేశమున 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయినవి. ఆనాటి వృద్ధులును ఒక్కరొక్కరుగా గతించుచున్నారు. ఆ జ్ఞాపకముతో నడచిన బాటలకు ఇక కాగితమే ఆధారము కావలెను.

బాటలు మూడు తెగలు

తగవునకు దిగుటకు ముందు తన బాట ఏ తెగకు చెందినదో రైతు తెలిసికొనవలెను.

మొదటి తెగ ప్రభుత్వ బాట. దీనిని తెలంగాణమున బండ్లబాట యనియు, నక్షబాట యనియు, గోదావరి ప్రాంతమున పుంత యనియు, గుంటూరు ప్రాంతమున డొంక యనియు పిలుతురు. ఇది గ్రామ నక్షయందు గీయబడియుండును. ఇది ఎవరి పట్టాలోను చేరదు. దీనిని దున్ని కలుపుకొనుటకును, కంప వేసి మూయుటకును ఎంతటి రైతునకును అధికారము లేదు. ఇట్టి బాట ఆక్రమింపబడినయెడల పొరుగువానితో పోరాడవలసిన పనిలేదు. నక్ష నకలు జతపఱచి తహశీలుదారునకు దరఖాస్తు పెట్టుకొని, సర్వేయరుచే కొలిపించి, హద్దు తేల్చుకొనవలెను.

రెండవ తెగ హక్కు బాట. నేల ఒకరిది, దానిమీద నడచు హక్కు మఱియొకరిది. దస్తావేజులలో దీనినే ఈజుమెంటు హక్కు అని వ్రాయుదురు. ఈ హక్కు మనిషికి గాక చేనికి అంటియుండును. కావున వెనుక చేను చేతులు మాఱినను, ఆ చేనితోకూడ బాట హక్కును పోవును. ముందు చేను అమ్ముడైనంత మాత్రమున ఆ హక్కు నశింపదు.

మూడవ తెగ సెలవు బాట. "మీ పంట తోలుకొను వఱకు మా చేనిలోనుండి పొండి" అని పొరుగువాడు దయతో ఇచ్చిన త్రోవ యిది. ఇది హక్కు కాదు. ఇచ్చినవాడు సామాన్యముగా దీనిని మరల తీసికొనవచ్చును. ఒకరి దయవలన నడచిన బాట ఎన్నియేండ్లు నడచినను దయగనే యుండును.

తగవు పెక్కు తడవలు రెండవ తెగకును మూడవ తెగకును నడుమనే పుట్టును. నడచినవాడు హక్కనును. నడవనిచ్చినవాడు సెలవనును.

గ్రామ నక్షయందు ప్రభుత్వ బాటలే గాని పట్టా భూములలోని గట్టు త్రోవలు సామాన్యముగా కానరావు. కనుక నక్షలో లేదన్న మాత్రమున హక్కు బాట లేదని తలపరాదు. తెలంగాణమున సేత్వారు, టీపను అను పాత కాగితములును, ఆంధ్రమున ఎఫ్.ఎం.బి. అను కొలత పుస్తకమును హద్దులను, కొలతలను తెలుపును. అవి నేల ఎవరిదో నిర్ణయించుట కుపకరించును. దానిమీద నడచు హక్కు ఎవరిదో వేఱుగా ఋజువు చేయవలెను.

నడచు హక్కు కలుగు విధములు

ఈ విషయమునకు ముఖ్యమైన శాసనము 1882 నాటి 5వ ఆక్టు. ఇది ఆ సంవత్సరము జూలై 1వ తేదీనుండి మద్రాసు రాజధానియందును, మధ్యపరగణాలయందును, కూర్గునందును అమలులోనికి వచ్చెను. పిదప ఇతర ప్రాంతములకు వ్యాపించెను. దీని ప్రకారము త్రోవ హక్కు ముఖ్యముగా మూడు విధముల కలుగును.

మొదటిది వ్రాతవలన కలుగునది. భూస్వామి తన చేనిలో త్రోవనిచ్చుచు దస్తావేజు వ్రాయుట. 1908 నాటి రిజిస్ట్రేషను శాసనము ననుసరించి, 100 రూపాయలకు తక్కువగాని విలువగల స్థిరాస్తి హక్కును పుట్టించు వ్రాత రిజిస్టరు కావలెను. తెల్లకాగితముమీద వ్రాసి వ్రేలిముద్ర వేసిన వ్రాతను నమ్ముకొని కోర్టుకు పోయినవారు చిక్కులపాలగుదురు.

రెండవది అవశ్యకతవలన కలుగునది. ఉమ్మడి భూమి పంపకమైనపుడు, ఒకరి భాగముమీదుగా త్రోవ లేక మఱియొకరి భాగము ననుభవించుట అసాధ్యమైనయెడల, ఆ త్రోవ హక్కు పంపకముతోడనే పుట్టునని 13వ సెక్షను చెప్పుచున్నది. భూమిలో కొంత అమ్మినపుడును ఇదియే న్యాయము. పైని చెప్పిన ఉదాహరణమున వెనుక చేని రైతునకు ఈ సెక్షనే ఆధారము. అతని త్రోవ అన్నదమ్ముల పంపకమునాడే పుట్టినది. కొన్నవాడు ఆ భారముతోనే ముందు చేనిని కొన్నట్లు. అయితే అవసరము వేఱు, సౌకర్యము వేఱు. చుట్టు తిరిగి పోవుటకైనను వేఱొక త్రోవ యున్నయెడల, దగ్గఱి త్రోవ సుఖమని చెప్పి ఈ సెక్షను క్రింద అడుగుటకు వీలులేదు. మఱియు అవసరము తీరిన నాడు ఆ హక్కును తీరిపోవును. వెనుక చేని రైతు ప్రభుత్వ బాటను చేరు మఱియొక చేని తుంటను కొనుక్కొని దానిగుండ పోగల్గినయెడల, పాత త్రోవ నతడు విడువవలసినదే.

ఇట్టి త్రోవ ఏ ప్రక్కగా పోవలెనో నిర్ణయించు అధికారము ముందు చేనివానికే కలదని 14వ సెక్షను చెప్పుచున్నది. అయితే అది వెనుక చేనివానికి తగుమాత్రము అనుకూలముగా నుండవలెను. ముందు చేనివాడు చూపక నిరాకరించినయెడల వెనుక చేనివాడే నిర్ణయించుకొనవచ్చును. చేని నడుమ గాక గట్టు వెంబడి త్రోవ చూపుటవలన దున్నకమునకు అడ్డు లేకుండునని ముందు చేనివాడు గ్రహింపవలెను.

మూడవది దీర్ఘకాలపు వాడుకవలన కలుగునది. ఒకడు పొరుగు చేనిమీద పోరు లేకుండ, బాహాటముగా, తన హక్కుగా, ఎడతెగక 20 సంవత్సరములు నడచినయెడల ఆ త్రోవ యతనికి హక్కగునని 15వ సెక్షను చెప్పుచున్నది. ప్రభుత్వ భూమి విషయమున 30 సంవత్సరములు కావలెను. ఈ శాసనము వర్తింపని తావులందు 1963 నాటి కాలపరిమితి శాసనములోని 25వ సెక్షను ఇట్టి గడువులనే విధించుచున్నది. రాత్రివేళ దొంగచాటుగ నడచినను, ప్రతి సంవత్సరము సెలవడిగి నడచినను ఈ లెక్కలోనికి రాదు.

ఇక్కడ రైతులు మఱచుచున్న గడువులు రెండు కలవు. పొరుగువాడు బాటకు అడ్డు కట్టినట్లు తెలిసియు 1 సంవత్సరము ఊరకుండినయెడల, వాడుక తెగినట్లు లెక్కింతురు. మఱియు ఆ 20 సంవత్సరముల వాడుక వ్యాజ్యము వేయుటకు ముందటి 2 సంవత్సరముల లోపల ముగిసినదై యుండవలెను. "ఈ యేడు పోనీ, వచ్చు నేడు చూతము" అని ఊరకుండువాడు తండ్రి తాతలనాటి త్రోవను పోగొట్టుకొనును. అడ్డు కట్టిన దినముననే నలుగురిలో అభ్యంతరము చెప్పి, వ్రాతమూలముగా తెలుపుట మంచిది. అట్లే కలిగిన హక్కైనను 20 సంవత్సరములు పూర్తిగా నడవక విడిచినయెడల నశించును.

ఇరువురి విధులు

త్రోవ హక్కనగా నడచు హక్కే గాని నేలమీది హక్కు కాదు. ఈ యొక్క మాట ఇరువురును మనస్సున నుంచుకొన్నచో సగము తగవు తీరును.

నడచువాడు బాటమీద గడ్డివాము వేయరాదు. ఎరువు కుప్ప పోయరాదు. కళ్ళము చేయరాదు. బండి నిలిపి ఎడ్లను పొరుగువాని పైరులో మేపరాదు. బాటకు ఏ కొననుండి ప్రవేశింపవలెనో ఆ కొననుండియే ప్రవేశింపవలెను గాని, నడుమ గట్టు త్రెంచి దిగరాదు. నేలవానికి తక్కువ బాధ కలుగునట్లు నడువవలెను. కాలిత్రోవ హక్కు గలవానికి బండి త్రోవ హక్కు లేదు. ఒక తీరు త్రోవ హక్కులో మఱియొక తీరు త్రోవ చేరదని శాసనము స్పష్టముగ చెప్పుచున్నది. ట్రాక్టరును, కోతయంత్రమును వచ్చిన పిదప ఈ తగవు హెచ్చినది. ఎడ్లబండికి చాలిన వెడల్పు కోతయంత్రమునకు చాలదు. అదనపు వెడల్పు కావలెనన్నచో అడిగి, వెలయిచ్చి, వ్రాయించుకొనవలెనే గాని, ఒక రాత్రి గట్టు చదును చేసినయెడల దానివలన హక్కు కలుగదు.

బాట బాగుచేయుట నడచువాని పని. దాని ఖర్చును అతనిదే. గుంట పడినచో పూడ్చుకొనవచ్చును. గాలికి చెట్టు కూలి అడ్డము పడినచో తొలగించుకొనవచ్చును. ఆ పనివలన పొరుగువాని కేమైన నష్టము కలిగినచో దానిని సరిచేయవలెను. పంటకాలువ బాటను దాటుచోట తూము గొట్టము వేయుట ఇరువురికిని మేలు. అది లేనిచోట చక్రములు కాలువ గట్టును నలుపును, నీరు బాటమీదికి పొర్లును, బురదను తప్పించుకొనుటకు బండి ప్రక్క పైరులోనికి దిగును. ఒక తూము లేకపోవుట వలన రెండు తగవులు పుట్టును.

నేలవాడు బాట బాగుచేయ నక్కఱలేదు. కాని దానిని ఇఱుకు చేయరాదు. ప్రతి దుక్కిలోను ఒక సాలు చొప్పున బాటలోనికి జరుగుట చాలమంది కలవాటు. ఒక సాలు కొద్దిపాటియే. కాని పదియేండ్లలో బాట కాలిత్రోవయగును. కంపయు, తీగెయు, చెట్లును బాట అంచునకు వెలుపలనే యుండవలెను. బాటకు గడి పెట్టవలసివచ్చినచో నడచువాని కొక తాళపుచెవి యిచ్చుట పొరుగు మర్యాద.

మాగాణులలో పైరున్నంతకాలము గట్టుమీద నడకయు, కోతలైన పిదప బండియు అను వాడుక పెక్కుచోట్ల కలదు. అట్టిచోట బండి త్రోవ కోతల కాలమునకే పరిమితము. వరి పొట్టమీద నున్నపుడు బండి తోలుదునను రైతును, కోతలైన పిదపను బండి రానీయనను రైతును, ఇద్దఱును వాడుక తప్పినవారే.

లెక్క చూచుకొనవలసినది

ఇక ఈ తగవు ఎంత నేలనుగూర్చియో చూడవలెను. ఒక గుంట యనగా 33 అడుగుల చదరము, అనగా 1089 చదరపు టడుగులు. 11 అడుగుల వెడల్పు గల బాట 99 అడుగుల పొడవునకు సరిగా 1 గుంట పట్టును. పైని చెప్పిన ముందు చేను బాట ప్రక్కన 528 అడుగుల వెడల్పును, లోనికి 495 అడుగుల పొడవును గలదనుకొన్నచో సరిగా 6 ఎకరములగును. దాని గట్టు వెంబడి 11 అడుగుల బాట 5 గుంటలు పట్టును. 240 గుంటల చేనిలో 5 గుంటలనగా 48 భాగములలో ఒక భాగము. ఈ యొక్క భాగమునకై వెనుకనున్న 6 ఎకరములు పడావు పడుచున్నవి. ముందు చేనివానికి నష్టము లేదని చెప్పరాదు. 5 గుంటల పంట నష్టమే. కాని దానికి వెల కట్టవచ్చును. వెనుక చేనివాడు ఆ వెల యిచ్చుటయో, గట్టు కలియుచోట తన చేనిలో అంతటి నేలను మార్పిడిగ నిచ్చి రిజిస్టరు చేయించుటయో చేసినచో ఇరువురికిని న్యాయము జరుగును. వకీలు ఫీజును, కోర్టు ఖర్చును, వాయిదాలకు తిరిగిన దినముల కూలియు లెక్కించినచో, 5 గుంటల వెల దాటిపోవచ్చును. హక్కున్నవాడు సయితము ఈ లెక్క చూచుకొని, గెలిచెడి వ్యాజ్యముకంటె కుదిరెడి రాజీ చౌక యగునేమో యోచింపవలెను.

తగవు వచ్చినపుడు చేయరాని పని, చేయవలసిన పని

గాలికి కూలిన చెట్టును నడచువాడు తీసివేసికొనవచ్చునని పైని చెప్పబడినది. కాని పొరుగువాడు అన్యాయముగా కట్టిన కంపను, పాతిన కడీలను తన చేతితో తీసివేయుటకు అతనికి అధికారము లేదు. 36వ సెక్షను దానిని నిషేధించుచున్నది. చాలమంది న్యాయము తమ ప్రక్క నున్నదను ధైర్యముతో గొడ్డలి పట్టుకొని పోయి, క్రిమినలు కేసులో తామే ముద్దాయి లగుచున్నారు. హక్కు బాట కేసు ఒక ప్రక్క నుండగా, కొట్లాట కేసు మఱియొక ప్రక్క నడచును. న్యాయముగల రైతు చేతులార తన న్యాయమును చెఱుపుకొనరాదు.

చేయవలసినది యేమనగా, మొదట ఊరి పెద్దలలో ఇరువురికిని నమ్మకమైనవారిని పిలుచుకొని చేనికి పోవలెను. ఇంటివద్ద కూర్చుండి మాటలాడుటకంటె గట్టుమీద నిలిచి గొలుసుతో కొలుచుట మేలు. "అన్నా, నీ నేల నాకక్కఱలేదు. బండి పోవు త్రోవ ఇంత కావలెను. దీనికి నీవేమందువు?" అని అడిగిన మాటకును, "బాట విడుతువా, విడువవా?" అని అడిగిన మాటకును భేదము చాల కలదు. మొదటి మాట కొలతవైపు తీసికొనిపోవును, రెండవ మాట కఱ్ఱవైపు తీసికొనిపోవును.

అట్లు కుదరనిచో మండల న్యాయసేవల కమిటీని ఆశ్రయింపవచ్చును. 1987 నాటి న్యాయసేవల శాసనముక్రింద లోక్ అదాలతులో ఇరువురును రాజీపడినచో, ఆ తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టునుండి వచ్చిన వ్యాజ్యమైనచో కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును.

దొమ్మి జరుగునను భయము కలిగినయెడల ఎక్జిక్యూటివు మేజిస్ట్రేటునకు తెలుపవలెను. పాత క్రిమినలు ప్రొసీజరు కోడులోని 147వ సెక్షను ఈ విషయమునకు సంబంధించినది. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 166వ సెక్షను అమలులో నున్నది. దీని క్రింద మేజిస్ట్రేటు విచారించి, అడ్డు తొలగింపుమని ఆజ్ఞ యీయవచ్చును. అయితే ఎల్లకాలము నడచు త్రోవయైనచో ఫిర్యాదునకు ముందు 3 నెలల లోపలను, కోతల కాలమున మాత్రమే నడచు త్రోవయైనచో కడపటి కోతల కాలమునను నడచినట్లుండవలెను. ఇక్కడను ఆలస్యమే శత్రువు. హక్కును తుదకు నిర్ణయించునది సివిలు కోర్టే.

ఒకప్పుడు హైదరాబాదు సంస్థానములోనిదై, 1956లో వేఱుపడి, ఇప్పుడు మహారాష్ట్రములో నున్న నాందేడు జిల్లా సరిహద్దు పల్లెలలోని తెలుగు రైతులకు మఱియొక సులభోపాయము కలదు. 1966 నాటి మహారాష్ట్ర భూమి రెవిన్యూ కోడులోని 143వ సెక్షను ప్రకారము, ఒక సర్వే నెంబరులోని రైతు ఇతర సర్వే నెంబరుల గట్ల వెంబడి త్రోవ కావలెనని తహశీలుదారు నడుగవచ్చును. రైతులు చేనికి పోవుటకు తగుమాత్రము త్రోవ యవసరమని తహశీలుదారు దృష్టియందుంచుకొని నిర్ణయింపవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. ఆ నిర్ణయము సమ్మతము గానివాడు 1 సంవత్సరములోపల సివిలు కోర్టునకు పోవచ్చును.

తగవు రాకుండ చేయవలసినది

పంపకములు చేసికొనునపుడు మొదట బాటను కొలిచి, పిదప భాగములు వేయవలెను. బాటకు పోయిన గుంటలను అన్ని భాగములకును సమానముగా తగ్గించుకొన్నచో ఒక్కని నెత్తిన భారము పడదు. చేను కొనువాడు పట్టాయు, హద్దులును చూచి తృప్తిపడక, పంట కాలమున ఒకసారి స్వయముగా పోయి, ఎవరి చక్రముల జాడ ఎక్కడ నున్నదో చూడవలెను. జాడ కానవచ్చినచో దానిని గూర్చి అమ్మువానిని, పొరుగువానిని అడుగవలెను. అమ్మువాడును బాటను దాచి అమ్మరాదు. వెనుక చేను కొనువాడు "త్రోవ యున్నది" అను నోటిమాటను నమ్మక దస్తావేజులో చేర్పించుకొనవలెను.

వ్రాతలో ఉండవలసిన విషయములు తెలియుటకై ఒక నమూనా ఈ క్రింద నీయబడినది.

"ఫలానా గ్రామమున, ఫలానా సర్వే నెంబరు చేని యజమాని, దానికి దక్షిణమున నున్న ఫలానా సర్వే నెంబరు చేనికి, ఉత్తరమున ప్రభుత్వ బాట మొదలుకొని దక్షిణ గట్టు వఱకు, తూర్పు గట్టు వెంబడి, 11 అడుగుల వెడల్పును 495 అడుగుల పొడవును గల త్రోవను ఇచ్చినాడు. ఈ త్రోవ మనుష్యులకును, పశువులకును, బండ్లకును, ట్రాక్టరునకును, కోతయంత్రమునకును ఎల్లకాలము ఉపయోగపడును. నేల ఇచ్చినవానిదే. త్రోవమీద కుప్పలు వేయుట, కట్టడములు కట్టుట ఇరువురికిని కూడదు. బాగుచేయు ఖర్చు నడచువానిది. కాలువ దాటుచోట తూము నడచువాడు వేయించును. దీనికి ప్రతిఫలము ఇంత ముట్టినది. ఈ షరతులు ఇరువురి వారసులకును, కొన్నవారికిని వర్తించును. పటము దీనితో జతపఱుపబడినది."

పటమును, రెండు కొనల రాళ్ళ గుర్తులును, సాక్షుల సంతకములును ఉండి, రిజిస్టరు అయినచో ఇట్టి వ్రాత తరతరములకు నిలుచును. నడచు హక్కు నీయక సెలవు మాత్రమే యిచ్చు రైతు సయితము ఆ సంగతినే వ్రాయించుకొనుట మేలు. "ఈ సంవత్సరపు కోతలకు సెలవుగా విడువబడినది" అను చీటి యొకటి ఉన్నచో, దయ తలచినందులకు నేల పోవునేమో యను భయము లేక, పొరుగువాని కుపకారము చేయవచ్చును. పెక్కుమంది త్రోవ విడువకుండుట గర్వమువలన గాక ఈ భయమువలననే. చీటి ఆ భయమును తీర్చును.

పోరు నష్టము, పొందు లాభము అని పెద్దలు చెప్పిన మాట బాట విషయమున అక్షరాల నిజము. రాబోవు దుక్కులకు ముందే, చేతులు ఖాళీగా నున్న వేసవి దినములలో, పొరుగువాడు పలుకుచున్న కాలముననే, ప్రతి రైతును తన చేనికి పోవు త్రోవను కొలిపించి, రాళ్ళు పాతించి, వ్రాయించుకొనుట కర్తవ్యము.